ముక్కు లేని పెట్టె

మార్కాపురం కంభం రోడ్డులో మా స్టూడియో.
పదకొండేళ్ల పెళ్లిళ్లు ఇనప రాకులో ఉన్నాయి,
చిన్నవీ పెద్దవీ కలిపి నలభై మూడు డిస్కుల్లో.
ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో ఊరి పేరు:
తర్లుపాడు, కొనకనమిట్ల, పెద్దారవీడు, దోర్నాల.
తిరిగేవి కొన్నే.
అయినా మే నెలలో ఆ మూలకి చెయ్యి పెడితే
జొరమొచ్చిన పిల్లోడి నుదురే.

నిన్న పార్సిల్లో కొత్తది వచ్చింది, ఇరవై రెండు టీబీ.
విప్పుతుంటే గాలెయ్య వచ్చాడు,
మనవరాలి ఓణీల ఫంక్షన్ ఫొటోలకి.
ముప్పై ఏళ్లు పలకల గనిలో రాయి చీల్చినోడు.
కూర్చోగానే ముందు దగ్గుతాడు,
మాట తర్వాత.

"ఏముందిరా అందులో?"
"పళ్లేలు. నీ పలకల మాదిరే, ఒకదాని మీద ఒకటి. పది."
"ఆ పాతదాంట్లో?"
"అయిదు."
"మరి పెట్టె అంతేగా?"
"అంతే."

ఒకే మందం రాయిలో పది తీయాలంటే
ఎంత పలచన కావాలో
అతని బొటనవేలికి తెలుసు.
"పలచనైతే వణుకుద్ది" అన్నాడు. "వణికితే పోయినట్టే."

సంగతంతా అదే.
నిమిషానికి ఏడు వేల చుట్లు తిరిగే పళ్లేన్ని
గాలి ఊరికే తిరగనివ్వదు.
కనపడదు గానీ బరువు దానికి.
ఈడుస్తది, సుడులు పెడతది, అంచులు పట్టుకుని ఊపుద్ది
రేకుల షెడ్డుని వైశాఖం ఊపినట్టు.
రాత చదివే తల
వెంట్రుకలో పదివేలో వంతు ఎత్తున ఎగరాలి.
కాస్త వణికితే పక్క గీత మీద పడతది,
దోర్నాల పెళ్లికూతురి మెడలో
తర్లుపాడు తాళి పడతది.
అందుకని పాతవాటిలో పళ్లేలు మందం,
పడని తోడికోడళ్లని కూర్చోబెట్టినట్టు
ఎడం ఎడంగా.

ఇందులో గాలి తీసేశారు.
హీలియం పోశారు, మొన్న పుట్టినరోజు స్టేజి మీద
దారానికి కట్టిన బుడగల్లోది,
గాలిలో ఏడో వంతు బరువు.
ఇప్పుడు పళ్లేనికి అడ్డొచ్చేవాడు లేడు.
వణుకు లేదు గనక పలచన,
పలచన గనక పది.
మోటారుకి పని తగ్గి
కరెంటూ తక్కువే తాగుద్ది, ఒళ్లూ కాలదు.

"బుడగ తెల్లారేసరికి వాడిపోయిద్ది గదరా!"

ఇంత చెప్పాక నేను మర్చిపోయింది
ఆయన పట్టుకున్నాడు.
అది ఏ సందులోనైనా జారిపోయే రకం.
నిలబెట్టడానికే వాళ్లకి ఏళ్లు పట్టింది.
అందుకే మరలు లేవు, మూత చుట్టూ లేజరు అతుకు.

పాతదాని మీద చిన్న బెజ్జం చూపించాను.
మూయొద్దని పక్కనే రాసుంటది.
అది ఊపిరి తీసే దారి.
లోపల దుమ్ము పోకుండా వడపోత గుడ్డ.
కొత్తదానికి ఆ బెజ్జమే లేదు.

గాలెయ్య రెండిటినీ రెండు చేతుల్లో పెట్టుకుని
చాలాసేపు తూచాడు.
"ముక్కే పెట్టలేదన్నమాట. ఇంక దుమ్మెట్టా పోద్ది?"
అంటుండగానే దగ్గు వచ్చింది.
రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.
గనిలో కట్టుకున్నదీ
అట్టాంటి గుడ్డేనని ఒకసారి చెప్పాడు.
దగ్గు ఆగేదాకా
నేను వైర్లు సర్దుతూ ఉన్నాను.

"చెడిపోతే?"
"పాతదైతే విప్పుతాను. అదృష్టం బాగుంటే బతుకుద్ది.
దీన్ని విప్పితే లోపలున్నది ఎగిరిపోద్ది.
మళ్లీ నింపడం నావల్ల కాదు."
"నింపడం ఎవరివల్లా కాదులే" అన్నాడు,
ఏ పెట్టె గురించో తెలియలేదు.

కాపీ మొదలైంది. తెర మీద తొమ్మిది గంటలు చూపిస్తోంది.
మధ్యలో ఒక బొమ్మ మెరిసింది, రెండువేల పదమూడు,
తర్లుపాడు: ఊరేగింపు ముందు గాలెయ్య,
బుగ్గలు పూరించి
బూర ఊదుతున్నాడు, ఎంతకీ ఆపడు.
పక్కన జనం వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు.
ఆయన చూశాడు. నేనూ చూశాను.
ఇద్దరం ఏమీ అనలేదు.

స్కెచ్ పెన్ను మూత తీశాను.
అన్ని ఊళ్లూ ఇందులోకే వస్తున్నాయి,
ఏ పేరు రాయాలి?

"లోపల ఎటూ గాలి లేదుగా" అన్నాడు.
"పైన నా పేరు రాయి."